చేతులు బిగించి, నడుము వదిలి

పందొమ్మిదేళ్ళు నేను కుట్టింది బట్టలు కాదు,
అంకెలు.
వూచ్ నగరంలో, ఎర్ర ఇటుకల మిల్లు మూడో అంతస్తులో,
మెడ వెనక వేలెడంత పట్టీ మీద
ముప్పై ఎనిమిది, నలభై, నలభై రెండు.
కత్తెర ఒకటే, అచ్చుకాగితం ఒకటే.
మంగళవారం ఆర్డరుకి అది నలభై.
గురువారం వేరే దేశం కొట్టువాళ్ళు
అదే గౌనుకి ముప్పై ఎనిమిది వేయమన్నారు,
చిన్న అంకె చూస్తే ఆడవాళ్ళు సంతోషంగా కొంటారట.
వేశాను.
గుడ్డలో ఒక్క నూలుపోగు తగ్గలేదు,
ఎవరి నడుమూ తగ్గలేదు.

మిల్లు మూతపడ్డాక
ట్రామ్ స్టాపు పక్క నేలమాళిగలో
సరిచేతల కొట్టు పెట్టుకున్నాను.
కిటికీలోంచి నాకు మనుషులు మోకాళ్ళ దాకే కనిపిస్తారు.
మిగతాది లోపలికొస్తేనే.

హల్ష్కా వస్తుంది,
ఆసుపత్రిలో రోగుల్ని మంచం మీంచి బల్ల మీదికి ఎత్తే మనిషి.
ఏ చొక్కా ఆమె భుజాల దగ్గర నిలవదు,
చంకలో పిగిలిపోయి వస్తుంది.
చార్టులో ముప్పై ఒకటి, ఎర్ర సిరా.
నోట్లో పిన్నులు తీసి అడిగాను:
రక్తం చూశారా, బీపీ చూశారా?
"అన్నీ బాగున్నాయట. అయినా ఎరుపే."
ఐదంతస్తులెక్కి, ఆయాసం లేకుండా
పొరుగాయన కుక్కని తిట్టగలదు.

నాదీ ఎరుపే. ముప్పై.
నా విషయంలో అది నిజమే చెప్పింది,
ఆరో మెట్టుకే గుండె తలుపు బాదుతుంది.
అందుకే ఆ అంకె దొంగదని ఎవరితోనూ అనను.
ఇద్దరి ఇళ్ళలోనూ ఒకే గంట మోగింది,
మంట ఒక ఇంట్లోనే ఉంది.

బోగుమివాది ఇరవై రెండు. ఆకుపచ్చ.
"నిన్ను చూసి నేర్చుకోవాలి" అంటారు పోస్టాఫీసులో.
ఫిబ్రవరిలో నీలం ఉన్ని గౌను తెచ్చింది,
కిలోల లెక్కన అమ్మే పాతబట్టల కొట్లో కొన్నదట.
చేతులు వదులయ్యాయి, బిగించమంది.
ఏప్రిల్లో అదే గౌను.
మళ్ళీ చేతులు. ఈసారి నడుము పట్టడం లేదు.
"వయసు" అని నవ్వింది,
"బరువు మాత్రం గ్రాము మారలేదు, నిన్ననే తూగాను."
జూన్‌లో అదే గౌను.
చేతులు బిగించి, నడుము వదిలి,
చేతులు బిగించి, నడుము వదిలి,
ఇక మడతలో గుడ్డ మిగల్లేదు.

ఇక్కడ తీసి అక్కడ పెడితే తక్కెడకేం తెలుసు?
బరువుని ఎత్తుతో భాగిస్తారు,
మళ్ళీ అదే ఎత్తుతో భాగిస్తారు,
శేషం ఎవరూ రాసుకోరు.
నా టేపు మొదటి సెంటీమీటరు చెరిగిపోయింది,
అయినా అది మనిషి చుట్టూ తిరిగి వస్తుంది.

ఆ రోజు ఆమె మోచేతి పైన
నా బొటనవేలూ చూపుడువేలూ కలిశాయి.
కలవకూడదు.
కంటి తెలుపు పాత లైనింగులా పసుపు తిరిగింది.
"ఇది నేను సరిచెయ్యను" అన్నాను.
"చెయ్యి పెట్టి చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళు.
చార్టు తర్వాత. ముందు ఈ కుట్లు చూపించు."

కోపం వచ్చింది.
ఊరంతా మెచ్చుకునే ఒంటికి
దర్జీది వంక పెడుతుందా?
తలుపు విసిరి వెళ్ళింది.
కిటికీలో ఆమె చీలమండలు దాటిపోయాయి,
బూటు అంచు మీంచి పొంగిన పిండిలా.

అక్టోబరులో హల్ష్కా వచ్చి
సంచీలోంచి నీలం గౌను తీసింది.
"పొట్టలోంచి నీళ్ళు తీశారు. కాలేయం.
ఇంకో నెలైతే అంతేనన్నారట.
బల్ల మీదికి నేనే ఎత్తాను" అంది.
"నీకిమ్మంది. ఇంటికొచ్చాక కొత్త కొలతలిస్తుందట."

ఆమె వెళ్ళాక దీపం కిందికి లాగి
మెడ వెనక పట్టీ తిప్పి చూశాను.
అంచున రెండు టాకాలు ఎక్కువ.
ఆ అలవాటు మిల్లులో నాకొక్కదానికే ఉండేది.
ముప్పై ఎనిమిది.
గురువారం కుట్టిందై ఉంటుంది.